పడుకోబెట్టగలిగే టవరే కావాలనుకున్నాను: కోనసీమలో నా హామ్ యాంటెన్నా అనుభవం

హామ్ లైసెన్సు, అంటే సొంత రేడియో స్టేషన్‌తో ఇతర హామ్‌లతో అభిరుచిగా మాట్లాడుకునే అనుమతి, చేతికొచ్చాక అందరూ అడిగేది ఒకటే మాట: "టవర్ ఎన్ని అడుగులు వేస్తున్నావు?" సముద్రానికి ఇంత దగ్గరలో, చుట్టూ కొబ్బరి తోటలున్న మా ఊళ్లో దానికంటే ముందు అడగాల్సినది ఇంకోటి ఉందని నా నమ్మకం. తుపాను వస్తోందన్న కబురు తెలిశాక ఆ టవర్‌ను ఎంతసేపట్లో కిందికి దించగలం? తుపాను వెళ్లిపోయాక ఎంతసేపట్లో మళ్లీ లేపగలం? నా పని మొత్తం ఈ రెండు ప్రశ్నల చుట్టూనే నడిచింది. డెల్టాలో ఎవరైనా ఇలాంటి పని తలపెడితే పనికొస్తుందని రాస్తున్నాను.

లైసెన్సు సంగతి ముందు చెప్పేస్తాను. కేంద్ర టెలికాం శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం ఆధ్వర్యంలో ఏఎస్‌ఓసీ (అమెచ్యూర్ స్టేషన్ ఆపరేటర్ సర్టిఫికెట్) పరీక్ష ఉంటుంది. రెస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు చుక్కలు, గీతలతో కబురు పంపే మోర్స్ కోడ్ అక్కర్లేదు, జనరల్ గ్రేడ్‌కు నిమిషానికి 8 పదాల వేగంతో మోర్స్ రావాలి. మొదటిదానికి వీయూ3తో, రెండోదానికి వీయూ2తో మొదలయ్యే కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు) ఇస్తారు. 12 ఏళ్లు నిండిన పిల్లలు కూడా రాయొచ్చు. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో 1983 నుంచి ఈ రంగంలో శిక్షణ ఇస్తోంది. చదివితే వచ్చే పరీక్షే, భయపడాల్సిందేమీ లేదు. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది.

యాంటెన్నా ఎంచుకునే ముందు నేను ఎవరితో మాట్లాడాలో తేల్చుకున్నాను. 1996 నవంబరు 6 తుపాను నాటికి నేను చిన్నవాణ్ణి. కరెంటు స్తంభాలు, టెలిఫోన్ తీగలు, కొబ్బరి చెట్లు అన్నీ కలిసి రోడ్ల మీద పడి ఉన్నాయి. ముమ్మిడివరం వైపు ఉన్న మేనత్త బతికుందో లేదో తెలియక నాన్నగారు పడిన చెట్ల మీంచి సైకిలు మోసుకుంటూ వెళ్లారు. కబురు తెలిసేదాకా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న భారతీ ప్రసాద్ బృందం హామ్ రేడియోతోనే అండమాన్ నుంచి కబుర్లు చేరవేసింది. దాని గురించి చదివిన రోజే ఈ విద్య నేర్చుకోవాలని గట్టిగా అనుకున్నాను. కాబట్టి బ్రెజిల్‌తో, జపాన్‌తో మాట్లాడటం నాకు రెండో సంగతి. హైదరాబాద్, విశాఖ, విజయవాడ, చెన్నై, ఇంకా పక్క జిల్లాలు, ఇవి నాకు ముఖ్యం.

ఇక్కడే ఎత్తు గురించి మన అంచనాలన్నీ తలకిందులవుతాయి. 40 మీటర్ల బ్యాండ్‌లో, అంటే తరంగం పొడవు 40 మీటర్ల చుట్టూ ఉండే 7 మెగాహెర్ట్జ్ దగ్గర, డైపోల్ తీగను (నడుమ కేబుల్ తగిలించి రెండు వైపులా సమానంగా చాచిన యాంటెన్నా తీగ) పది మీటర్ల ఎత్తులో కడితే ఆ ఎత్తు తరంగం పొడవులో నాలుగో వంతు. అంత ఎత్తులో ఉన్న డైపోల్ శక్తిలో ఎక్కువ భాగాన్ని ఆకాశంలోకే పంపుతుంది. పైపుతో నీళ్లు నిట్టనిలువుగా కొడితే తిరిగి మన చుట్టుపక్కలే పడ్డట్టు, ఆ తరంగాలు పైన వాతావరణంలో రేడియో తరంగాలను వెనక్కి తిప్పే అయనోస్ఫియర్ పొరకు తగిలి మూడు నాలుగు వందల కిలోమీటర్ల పరిధిలో నేలకు దిగుతాయి. మా ఊరి నుంచి హైదరాబాద్ సరిగ్గా ఆ పరిధిలోకే వస్తుంది. అదే తీగను ఇరవై మీటర్లకు ఎత్తితే తరంగాలు వాలుగా బయల్దేరి, దగ్గరి ఊళ్లను దాటేసి దూరాన దిగుతాయి. దూరదేశాల కోసం తపించేవాళ్లకు అదే కావాలి. నాకు కావలసింది మాత్రం తక్కువ ఎత్తే. రాత్రిళ్లు 40 మీటర్ల బ్యాండ్ కూడా దగ్గరి ఊళ్లను వదిలేస్తుంటుంది, అప్పుడు 80 మీటర్ల బ్యాండ్ ఆదుకుంటుంది.

ఎత్తు నిజంగా కావలసింది దగ్గరి ఊళ్లతో నేరుగా మాట్లాడుకునే పై ఫ్రీక్వెన్సీలకు, అంటే వీహెచ్‌ఎఫ్‌కు. 145 మెగాహెర్ట్జ్‌లో తరంగం దాదాపు కంటిచూపు దారినే పోతుంది. 12 మీటర్ల ఎత్తున్న యాంటెన్నాకు రేడియో చూపు సుమారు 14 కిలోమీటర్లు. ఎత్తును రెట్టింపు చేసి 24 మీటర్లకు తీసుకెళ్తే 20 కిలోమీటర్లు అవుతుంది, 28 కాదు. ఎత్తు రెట్టింపైనా దూరం ఒకటిన్నర రెట్లు కూడా పెరగదు. ఖర్చు, గాలి ఒత్తిడి, ప్రమాదం మాత్రం రెట్టింపుతో ఆగవు. ఈ లెక్క వేసుకున్నాక 12 మీటర్లు చాలని తేల్చుకున్నాను. ఊళ్లో తడిసిన కొబ్బరి మట్టలు సిగ్నల్‌ను కొంత మింగేస్తాయి, నిజమే. దానికి ఎత్తు ఒక్కటే మందు కాదు, నాలుగైదు ఎలిమెంట్ల (అడ్డ కడ్డీల) చిన్న యాగీ, అంటే ఒకే దిక్కుకు శక్తిని పంపే యాంటెన్నా, పెట్టి కావలసిన దిక్కుకు తిప్పుకుంటే చాలా వరకు సరిపోతుంది.

టవర్ ఎందుకు, ఇన్ని కొబ్బరి చెట్లుండగా అన్నది ఇంట్లోవాళ్ల ప్రశ్న. మా తోటలో దింపు తీసే పెద్దాయన్ని పిలిచి రెండు చెట్ల మధ్య తీగ కట్టడం గురించి అడిగాను. ఆయన పైకి చూసి, "కట్టొచ్చండి. గాలికి ఈ చెట్టు ఇటూ ఆ చెట్టు అటూ పోతాయండి. మీ తీగ సాగుద్దా మరి?" అన్నాడు. చాలా పుస్తకాలు ఒక పేజీ తీసుకుని చెప్పే సంగతి ఆయన ఒక్క మాటలో చెప్పేశాడు. చెట్టుకే కట్టాలనుకుంటే ఒక చివర గిలక పెట్టి, తాడు కిందికి వేలాడదీసి ఇసుక నింపిన పైపు ముక్కను బరువుగా కట్టాలి. చెట్టు ఊగినప్పుడు బరువు లేస్తుంది, దిగుతుంది, తీగ తెగదు. కానీ పైన గిలక బిగుసుకుపోతే ప్రతిసారీ చెట్టెక్కే మనిషి కావాలి. తుపాను మర్నాడు చెట్టెక్కమని ఏ మనిషినైనా ఎలా అడుగుతాం? అందుకే నడుమ ఒక మాస్ట్ (యాంటెన్నా మోసే సన్నటి స్తంభం) నిలబెట్టి, డైపోల్‌ను దాని పైనుంచి గుడిసె కప్పులా రెండు వైపులకూ దించి, చివరలను చెట్ల మొదళ్ల దగ్గర మూడు మీటర్ల ఎత్తులో కట్టాను. చెట్టు ఎంత ఊగినా అంత కింద కదలిక దాదాపు ఉండదు. చివరలను ఇంకా కిందికి తేకూడదు. ప్రసారం చేసేటప్పుడు తీగ కొసల్లో వోల్టేజీ ఎక్కువ, పిల్లలకు గానీ పశువులకు గానీ అందకూడదు. చెట్టుకు మేకు కొట్టలేదు, పాత బెల్టు పట్టీ చుట్టాను.

మాస్ట్ రకాలు చూస్తే మనకు దొరికేవి మూడు. ఒకటి, తనంతట తానే నిలబడే నాలుగు కాళ్ల టవర్. పునాది పెద్దది, ఖర్చు పెద్దది, దించడం కుదరదు. రెండోది గొట్టాలను అల్లికలా కలిపిన మూడంచుల లాటిస్ మాస్ట్, మూడు మీటర్ల ముక్కలుగా వస్తుంది, పడకుండా పక్కలకు లాగి పట్టే గై వైర్లు కట్టాలి. మూడోది జీఐ పైపు, చవక, కానీ 12 మీటర్లకు సన్నపైపు వంగిపోతుంది. నేను రెండోదాన్ని ఎంచుకుని, మొదలు దగ్గర మడత బందు పెట్టించాను. మాస్ట్ మొత్తం తలుపులా వాలాలి.

గాలి లెక్క వెయ్యకుండా ఏదీ కొనొద్దు. భవనాల మీద గాలి ఒత్తిడికి మనకున్న ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం. అందులో విజయవాడకు, విశాఖకు ఇచ్చిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. వేగాన్ని వేగంతో హెచ్చవేసి 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు 1500 న్యూటన్లు వస్తుంది. సుమారు 150 కిలోల బరువన్నమాట. అర చదరపు మీటరు గాలికి ఎదురు నిలిచే మూడు ఎలిమెంట్ల యాగీని 12 మీటర్ల కొసన పెడితే, అంత గాలిలో అక్కడ 75 కిలోలు పక్కకు తోస్తున్నట్టు. మాస్ట్ మీద పడే గాలి దీనికి అదనం. అంతటి గాలికి తట్టుకునేలా కట్టలేమా అంటే కట్టగలం. అయితే ఎగిరొచ్చే రేకులకూ విరిగిపడే కొబ్బరి చెట్లకూ ఏ ప్రమాణమూ అడ్డు రాదు. నిలబెట్టి ధైర్యం చూపించేకంటే పడుకోబెట్టడమే మేలని అందుకే అంటున్నాను. వాతావరణ శాఖ హెచ్చరికలు ఇప్పుడు రోజుల ముందే వస్తున్నాయి, దించడానికి కావలసినంత టైం ఉంటుంది.

పాత లాటిస్ ముక్కలు చవకగా దొరుకుతాయి. తీసుకునేటప్పుడు సుత్తితో ప్రతి గొట్టాన్నీ కింది నుంచి పైదాకా కొట్టి వినండి. గట్టిగా ఖణేల్‌మంటే మంచిదే, మొద్దుగా మోగిందంటే లోపల తుప్పు తినేసింది. సిల్వర్ పెయింట్ చూసి మోసపోకూడదు. మన ఉప్పుగాలికి కరిగిన జింకులో ముంచి తీసే హాట్ డిప్ గాల్వనైజింగే నిలుస్తుంది. వెల్డింగ్ చేసిన ప్రతిచోటా ఆ పూత కాలిపోతుంది కాబట్టి అక్కడ జింక్ పెయింట్ తప్పనిసరి. అల్యూమినియం గొట్టానికి స్టెయిన్‌లెస్ క్లాంపు వేసేచోట రెండు లోహాలు పట్టేసుకోకుండా యాంటీసీజ్ పేస్టు రాయించాను. బోల్టులు వీలైనంతవరకు 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ తీసుకున్నాను, 304 సముద్రం దగ్గర మచ్చలు పడుతుంది.

పునాది దగ్గర మా నేల సంగతి తెలిసిన మేస్త్రి దొరకడం నా అదృష్టం. ఒండ్రు మట్టిలో వానాకాలం మూడడుగులు తవ్వితే ఊట వచ్చేస్తుంది. ఆయన మాట ఒకటే: "కాలువలు కట్టేశాక మొదలెడదామండి. ఇప్పుడు తవ్వితే గోతిలో నీళ్లు తోడుకోవడమే పనైపోద్ది." వేసవిలో ధవళేశ్వరం నుంచి కాలువలకు నీళ్లు ఆపేసినప్పుడు ఊట దిగిపోతుంది, అంతవరకు ఆగాం. ఆగడం కూడా డిజైన్‌లో భాగమే. కానీ లెక్క మాత్రం వానాకాలానికే వెయ్యాలి. ఒక ఘనపు మీటరు కాంక్రీటు 2400 కిలోలు తూగుతుంది, అది నీట మునిగితే 1000 కిలోలు తేలికవుతుంది. గై వైరు లంగరు దిమ్మ పైకి లేవకుండా ఉండాలంటే మునిగినప్పటి బరువుతో లెక్క చూసుకోవాలి. ఎండాకాలంలో గట్టి నేలను చూసి దిమ్మ సైజు తగ్గిస్తే ఆగస్టులో అది కదులుతుంది. మా దగ్గర భూగర్భజలంలో ఉప్పుంటుంది కాబట్టి ఇనుప చువ్వల చుట్టూ మూడంగుళాల కాంక్రీటు కవరు పెట్టించాను. 28 రోజులు తడిపాకే గై వైర్లకు బిగువు ఇచ్చాం.

గై వైర్లు మామూలుగా మూడు దిక్కులకు చాలు. మడత మాస్ట్‌కు నాలుగు కావాలి, ఇందులో ఒక కిటుకుంది. బందు ఇరుసు ఏ గీత మీద ఉందో, రెండు పక్క లంగరులూ సరిగ్గా ఆ గీత మీదే, అదే ఎత్తులో ఉండాలి. అప్పుడు మాస్ట్ లేస్తున్నా దిగుతున్నా పక్క తీగల బిగువు మారదు, మాస్ట్ పక్కకు ఒరగదు. లంగరు అటో ఇటో జరిగితే సగం లేచాక ఒక తీగ వదులవుతుంది, ఇంకోటి తెగేలా బిగుస్తుంది. మేస్త్రికీ నాకూ ఈ ఒక్క గీత కోసమే సగం రోజు పోయింది. ఊరికే పోలేదు. లంగరులు మాస్ట్ నుంచి ఎనిమిదిన్నర మీటర్ల దూరంలో, రెండు ఎత్తుల్లో కట్లు. తీగ క్లాంపుల్లో జీను వైపు బరువు మోసే తీగ మీద, యూ బోల్టు మడిచిన తీగ కొస (తోక) మీద ఉండాలి. తిరగేసి బిగిస్తే బలం పడిపోతుంది. మన చుట్టుపక్కల చాలా కేబుల్ స్తంభాల మీద ఇది తిరగేసే కనిపిస్తుంది.

లేపిన రోజు చుట్టాలు, పక్కింటివాళ్లు, తోటలో పనిచేసేవాళ్లు అందరూ వచ్చారు. మాస్ట్ పడుకుని ఉండగానే యాంటెన్నా, కేబుల్, తాళ్లు అన్నీ కట్టేశాం. మొదలు దగ్గర మాస్ట్‌కు లంబంగా నాలుగున్నర మీటర్ల పైపు నిలబెట్టి, ముందు తీగ దాని కొసన వేసి అక్కడి నుంచి చేతి విన్చికి (చేత్తో తిప్పి తీగను చుట్టి లాగే యంత్రం) తెచ్చాం. నేలను వదిలే మొదటి క్షణాల్లోనే విన్చి మీద బరువు అన్నిటికంటే ఎక్కువ. సగం దాటాక తేలికవుతుంది. అలా తేలికవుతున్నప్పుడే వెనక తీగ పట్టుకున్న మనిషి జాగ్రత్తగా ఉండాలి, లేకపోతే నిలువు దాటి అటు పడుతుంది. మాటలన్నీ ఒక్కరే చెప్పాలన్నది ముందే అనుకున్నాం. మా మావయ్య "లాగు", "ఆగు" తప్ప ఇంకో మాట అనలేదు, మిగతావాళ్లెవరూ నోరు మెదపలేదు. మాస్ట్ పడే పరిధిలోకి పిల్లల్ని రానివ్వలేదు.

కరెంటు తీగల గురించి ఒక్కమాట, ఇది ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. మాస్ట్ ఏ వైపు పడినా, దానికి కట్టిన తీగ తెగి ఎటు ఎగిరినా, కరెంటు లైనుకు తగలకూడదు. ఎత్తుకు ఒకటిన్నర రెట్ల దూరం ఉంచాను. ఇంటి ముందు మంచి ఖాళీ ఉన్నా 11 కేవీ లైను ఉందని వదిలేసి పెరట్లోకి వెళ్లాను. అంత స్థలం లేకపోతే మాస్ట్ ఎత్తు తగ్గించండి, దూరం మాత్రం తగ్గించొద్దు.

పక్కింటి పిన్నిగారు "రేడియేషన్ వస్తుందంట కదా నాయనా" అని కంగారుపడ్డారు. ఆవిడకు సెల్ టవరే గుర్తొచ్చింది. కూర్చోబెట్టి చూపించాను. నేను మాట్లాడుతూ బటన్ నొక్కినప్పుడే ప్రసారం, మిగతా టైమంతా వినడమే. పంచాయతీలో కూడా ముందే కాగితం ఇచ్చి, లైసెన్సు కాపీ జతచేశాను. లేపాక చెప్పడం వేరు, లేపకముందు చెప్పడం వేరు.

కేబుల్ విషయంలో పిసినారితనం వద్దు. ఆర్‌జీ 58 సన్నకేబుల్ 7 మెగాహెర్ట్జ్‌కు ఫరవాలేదు, 145 దగ్గర వంద అడుగుల్లో దాదాపు 6 డెసిబెల్స్ పోగొడుతుంది. అంటే పంపిన శక్తిలో నాలుగో వంతే పైకి చేరుతుంది. వీహెచ్‌ఎఫ్‌కు ఆర్‌జీ 213 వేశాను, అందులో పోయేది సగానికంటే తక్కువ డెసిబెల్స్. కనెక్టర్ దగ్గర నీళ్లు దిగితే రాగి జల్లెడ నల్లబడుతుంది, ఆ నలుపు కేబుల్ లోపల అడుగుల కొద్దీ పాకుతుంది. అందుకని టంకం వేసి చల్లారాక, సాగదీస్తూ చుట్టే రబ్బరు టేపును కింది నుంచి పైకి సగం సగం కప్పుతూ చుట్టాను. అలా చుడితే వాన నీరు పెంకుల మీద జారినట్టు జారుతుంది. దాని మీద మామూలు టేపు ఎండకు కవచం. కేబుల్ ఇంట్లోకి వచ్చేముందు కిందికి ఒక వంపు వదిలాను, నీటిబొట్లు అక్కడే రాలిపోతాయి.

ఎర్తింగ్‌లో డెల్టా మనకు చేసిన మేలు చాలా పెద్దది. తడి నేల, ఉప్పు నేల, రాడ్డు దిగితే చాలు నిరోధం తక్కువ వస్తుంది. మాస్ట్ మొదట్లో ఒకటి, కేబుల్ ఇంట్లోకి వచ్చేచోట ఒకటి రాగి పూత రాడ్లు వేసి, రెంటినీ ఇంటి కరెంటు ఎర్త్‌తో కలిపాను. విడివిడిగా వదిలేస్తే పిడుగు దగ్గర్లో పడినప్పుడు వాటి మధ్య వోల్టేజీ తేడా మన రేడియో గుండానే పోతుంది. పిడుగు వోల్టేజీని నేలలోకి మళ్లించే అరెస్టర్ ఉన్నా సరే, ఉరుము వినపడగానే కేబుల్ ఊడదీసి బయట పెట్టడం ఇంట్లో అందరికీ అలవాటు చేశాను.

ట్యూనింగ్ నాకు అన్నిటికంటే ఇష్టమైన పని. 143ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే డైపోల్ మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. 7.1కి 20 మీటర్ల పైచిలుకు, ఒక్కో కాలు పది. కావాలనే ఒక్కో కాలు 10.4 మీటర్లు కోశాను. యాంటెన్నా ఏ ఫ్రీక్వెన్సీకి కుదిరిందో గీత గీసి చూపే చిన్న పరికరం నానో వీఎన్‌ఏ తగిలిస్తే ఆ గీతలో లోయ, అంటే బాగా కుదిరిన చోటు, 6.85 దగ్గర కనిపించింది. రెండు కాళ్లనూ సమానంగా అడుగుకు పైగా మడిచి మెలిపెడుతూ పోతే లోయ మెల్లగా 7.1కి జరిగింది, ఎస్‌డబ్ల్యూఆర్ (శక్తి వెనక్కి తిరిగొచ్చే కొలత, 1 అయితే అసలు తిరిగిరానట్టు) 1.3. మాస్ట్ దించడం లేపడం తేలిక కాబట్టే ఇంత ఓపిగ్గా చెయ్యగలిగాను. ఆ సాయంత్రం హైదరాబాద్ స్టేషన్ ఒకటి నాకు 59 రిపోర్టు, అంటే మాట స్పష్టంగా, సిగ్నల్ బలంగా ఉందని, ఇచ్చింది.

2025 అక్టోబరులో మొంథా తుపాను వస్తోందన్నప్పుడు ఈ ఏర్పాటుకు అసలు పరీక్ష ఎదురైంది. 27న మధ్యాహ్నమే మాస్ట్ దించేశాం. యాగీ విప్పి వసారాలో పెట్టి, మాస్ట్‌ను నేలలో కొట్టిన మేకులకు మోకులతో కట్టేశాం. 28 రాత్రి అది నరసాపురం దగ్గర తీరం దాటింది. తెల్లారాక చూస్తే తోటలో చెట్లు పడున్నాయి, కరెంటు లేదు. మాస్ట్ మీద మట్టలు తప్ప ఏమీ లేవు. పడిన చెట్టు ఒకటి డైపోల్ చివర కట్టినదే, దాని బదులు వెదురు బొంగు పాతాం. టిఫిను వేళకల్లా మాస్ట్ లేచింది. 12 వోల్టుల బ్యాటరీ మీద 40 మీటర్ల బ్యాండ్ తెరిస్తే విశాఖ వైపు స్టేషను వినిపించింది. పక్కూళ్లలోని నాలుగు కుటుంబాల క్షేమసమాచారం బయటి ఊళ్లలోని వాళ్ల పిల్లలకు చేర్చమని చెప్పాను. మధ్యాహ్నానికి చేరిందని తిరుగు కబురొచ్చింది.

ఆ తర్వాత మార్చినవి రెండే. విన్చికి స్టీలు తీగ తీసేసి మంచి పాలిస్టర్ మోకు వేశాను, తడిచేతులకు స్టీలు పుల్లలు గుచ్చుకుంటున్నాయి. వెదురు పాతడానికి అన్ని వైపులా ముందే సిమెంటు గొట్టాలు దింపి మూతలు పెట్టాను. ఏటా కాలువలు కట్టేసినప్పుడు మాస్ట్ దించి బందుకు గ్రీజు పెట్టి, గై వైర్ల బిగువు సరిచేసే మరలు, టర్న్‌బకిల్స్‌కు వేసిన కట్టుతీగలు మార్చి, టేపు విప్పి కనెక్టర్లు చూస్తున్నాను. మా వైపు ఎవరైనా ఈ పని మొదలుపెడుతుంటే వచ్చి చూడొచ్చు. లేపేటప్పుడు తాడు పట్టుకోవడానికి నేను, మా మావయ్య తప్పకుండా వస్తాం.